రెండు గ్యాలన్లు, ఆరు రోజులు

అరిజోనా ఎడారిలో ఒక నేటివ్ అమెరికన్ తెగ వాళ్ళ ఊరికి ఉన్న ఒకే ఒక్క పెట్రోల్ బంకును నేను లీజుకు తీసుకుని నడుపుతున్నాను. తరవాతి బంకు నలభై రెండు మైళ్ళ దూరం. బోర్డు చూసి చెబుతున్న మాట కాదు, కారు మీటరుతో రెండుసార్లు కొలిచాను. నా చదువు పదో తరగతి దగ్గర ఆగింది గాని, కొలవనిదే నమ్మని అలవాటు మాత్రం ఆగలేదు.

పోయిన వేసవిలో మా అత్తగారు రాజమండ్రి నుంచి వచ్చారు. ఇంట్లో తోచక రోజూ నాతో బంకుకి వచ్చి కౌంటరు పక్కన కుర్చీ వేసుకునేవారు. అక్కడే ఆవిడకి ఒక స్నేహితురాలు దొరికింది. రెండు గ్యాలన్ల ఎర్ర క్యానుతో పెట్రోలు కోసం వచ్చే అవ్వ. అవ్వ ఇంటికి కరెంటు లేదు. ఇన్సులిన్ దాచుకోవడానికి చిన్న ఫ్రిజ్, దానికో జనరేటర్ ఉన్నాయి. ఈ ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. అయినా అరగంటకి తక్కువ మాట్లాడుకున్న రోజు లేదు.

ఒక ఉదయం తెగ కౌన్సిల్ ఆరోగ్య విభాగం నుంచి ఒక ఆఫీసరమ్మ వచ్చింది. ఊళ్ళో కొందరు పిల్లలు పెట్రోలు వాసన పీలుస్తూ దొరికారట. క్యానుల్లో అమ్మకం మొత్తం ఆపేయాలని గురువారం మీటింగ్‌లో తీర్మానం పెడుతున్నారట.

"ఇక్కడ ఎవరైనా స్నిఫ్ చేయడం చూశారా?" అని అడిగింది.

నేను నోరు తెరిచేలోపే అత్తగారు చెయ్యెత్తారు.

"స్నిఫ్? ఎస్, ఎస్! మీ! డైలీ ఫోర్ టైమ్స్!"

ఆఫీసరమ్మ పెన్ను ఆగిపోయింది. అత్తగారు బొడ్లోంచి ముక్కుపొడుం డబ్బా తీసి, మూత తెరిచి ఆవిడ ముందు పెట్టారు.

"అత్తయ్యగారూ, అది కాదండీ! పిల్లలు పెట్రోలు పీలుస్తున్నారట."

"పెట్రోలా? ఖర్మ! ఈ పొడుం మానమని మీ ఆవిడ నా ప్రాణం తీస్తోంది కదా, దాన్ని పంపండి వాళ్ళ దగ్గరికి. దెబ్బకి మానేస్తారు."

నేను ఇంగ్లీషులో చెప్పాక ఆఫీసరమ్మ పడీపడీ నవ్వింది. వెళ్తూ, క్యానుల అమ్మకం వివరాలు మీటింగ్‌కి తెమ్మంది.

ఎవరు, ఏ రోజు, ఎన్ని గ్యాలన్లు తీసుకెళ్ళారో నేను ఒక నోటుబుక్కులో రాస్తాను. అది తెరిచాను. అవ్వ ఫ్రిజ్ కోసం జనరేటర్‌ని రోజుకి నాలుగు గంటలు నడుపుతుంది. అలాంటిదే నా దగ్గరా ఉంది. గ్యాలన్‌కి పన్నెండు గంటలు వస్తుంది. అంటే రెండు గ్యాలన్లు ఆరు రోజులు రావాలి. అవ్వ నాలుగు రోజులకే వస్తోంది. ప్రతిసారీ గ్యాలన్‌లో మూడింట రెండు వంతులు ఎటో పోతోంది.

ఈ సంగతి మీటింగ్‌లో చెబితే క్యానులు ఆపేస్తారు, అవ్వ మందు పాడవుతుంది. చెప్పకపోతే పిల్లలు పీలుస్తూనే ఉంటారు. అత్తగారితో ఇదే అన్నాను.

"రెండూ నిలబడే లెక్క చెయ్యలేరూ? మరెందుకయ్యా అన్ని పుస్తకాలు నింపడం?" అన్నారు.

మర్నాడు అవ్వ వచ్చినప్పుడు ముందు ఆవిడకే చెప్పాను. ఆవిడ క్యాను వైపు చూసి, "ఇంటి వెనకాల పెడతాను. ముసలిదాన్నయ్యాను కదా, పోసేటప్పుడు నేనే ఒలకబోస్తున్నాననుకున్నాను," అంది. తన చేతులు బాగానే ఉన్నాయని తెలిసినందుకు కాస్త సంతోషించింది కూడా.

గురువారం మీటింగ్‌లో నేను మాట్లాడింది నాలుగు నిమిషాలు. క్యాను కొనే ఇళ్ళు పదిహేను. లెక్కకంటే ముందే వచ్చేవి మూడు. ఆ మూడిళ్ళలోనూ క్యాను బయటే ఉంటుంది. "బంకుకి కాదండీ, క్యానుకి తాళం వెయ్యండి," అన్నాను. వెనక వరసలో అత్తగారు ఒక్కరే చప్పట్లు కొట్టారు.

కౌన్సిల్ తీర్మానం మార్చింది. క్యాను కొనే ప్రతి ఇంటికీ గాలి ఆడే తాళం పెట్టె ఒకటి ఇచ్చి, గోడకి దూరంగా నేలలో బిగించారు. పెట్టె ఉన్నవాళ్ళకే క్యానులో పొయ్యమని నాకు చెప్పారు. దొరికిన పిల్లల కోసం ఆఫీసరమ్మ సాయంత్రాలు బాస్కెట్‌బాల్ హాలు తెరిపించి, రోజూ తనే వెళ్ళి కూర్చుంటోంది.

పెట్టె బిగించాక అవ్వ సోమవారం ఉదయం క్యాను నింపుకుంది. శుక్రవారం రాలేదు. నాకు నవ్వు ఆగలేదు. ఇక లెక్క ప్రకారం ఆదివారం రావాలి. ఆదివారమూ రాలేదు. అవ్వ ఒంట్లో ఎలా ఉందో, జనరేటరే ఆగిపోయిందో అని గుమ్మం దగ్గర ఎన్నిసార్లు నిలబడ్డానో మాత్రం లెక్కపెట్టలేదు.

సోమవారం వచ్చింది, ఎర్ర క్యాను ఊపుకుంటూ.

"ఆరు రోజులే రావాలి కదా, ఏడెలా వచ్చాయి?" అన్నాను.

"శనివారం మందు తీసుకుని మా అమ్మాయి ఇంటికెళ్ళా. వాళ్ళకి కరెంటుంది," అంది.

ఆ మాట తెలుగులో చెప్పగానే అత్తగారు పొడుం చిటికెడు పట్టిన చెయ్యి గాల్లోనే ఆపి, "అల్లుడుగారూ, మీ లెక్కలో కూతురిల్లు వెయ్యలేదు!" అన్నారు.

నోటుబుక్కులో ఆ వరస పక్కనే రాసుకున్నాను: కూతురిల్లు, ఒక రోజు.