మా పల్లి చెలకలో పడిన ఆకాశనౌక

మా పక్క వాటాలో ఉండే ఆవిడ, కూతురు ఆడుకుంటూ మోకాలు చెక్కుకొని వచ్చినప్పుడల్లా, గరిటెలో ఇంత ఆముదం పోసి, చిటికెడు పసుపు వేసి, సన్నని మంట మీద కాచి రాస్తుంది. ఆ వాసన గోడ దాటి మహబూబ్‌నగర్‌లోని నా కిరాయి గదిలోకి వస్తుంది. కమ్మగా మొదలై, పసుపు మాడే ముందు కొంచెం చేదెక్కే ఆ వాసనకు ఎవరికైనా చిన్నతనం గుర్తొచ్చి మనసు మెత్తబడాలి. నాకు కోపం వస్తుంది. పదేళ్లు దాటినా చల్లారని కోపం. అది ఎవరి మీదో చెప్పాలంటే ముందు మా అవ్వ సంగతి చెప్పాలి.

మాది ఆత్మకూర్ దగ్గరి చిన్న ఊరు, గొర్లు కాచుకుని బతికే ఇల్లు. బాపు మందను చూసుకునేవాడు, అమ్మ మా మెట్ట చెలకలో చలికాలపు యాసంగి పంటగా పల్లి వేసేది. బాపును కన్న తల్లి సాయమ్మ, అంటే మా అవ్వ, ఈ రెండింటి మీదా అజమాయిషీ చేసేది. చలికాలం పొద్దున లేస్తే, దొడ్డిలో గొర్ల ఒంటి వెచ్చదనం, పొయ్యి మీద ఒక అంచు మాడిన జొన్నరొట్టె, రోట్లో ఎల్లిగడ్డ వేసి నూరిన పచ్చికారం, అన్నీ కలిసి ఒకే వాసనగా గొంగడిలోంచి నన్ను బయటికి లాగేవి. బడి లేని రోజు రొట్టె మడిచి చేతిలో పెట్టుకొని, గొంగడిని తల మీంచి కప్పుకునేలా కొప్పెర వేసుకొని అవ్వ వెనక మందతో పోవడమే నా పని. మధ్యాహ్నం దాకా గచ్చకాయలు ఆడడం, పల్లి చెట్టు ఒకటి పీకి పచ్చి కాయలు ఒలుచుకు తినడం, పాలుగారే ఆ గింజల తీపికి నాలుక మొద్దుబారితే గట్టు మీద పడి నిద్రపోవడం. బతుకమ్మ పండుగకు రొట్టె, బెల్లం దంచి చేసిన మలీద ముద్దల్లో రెండు నా కోసం దాచి, అవి గట్టిపడి రాళ్లయ్యాక కూడా కొంగు ముడిలోంచి తీసి ఇచ్చేది అవ్వ. నేను వాటిని చప్పరిస్తూ తినేదాన్ని.

అవ్వకు చదువు లేదు. కానీ ఊళ్లో ఆమె అడిగినన్ని ప్రశ్నలు ఎవరూ అడిగేవారు కాదు. చలికాలం చుక్కలు ఎక్కువెందుకు కనబడతాయి, పొద్దుగూకేటప్పుడు సూర్యుడు పెద్దగెందుకు అవుతాడు, పొగ పైకే ఎందుకు పోతుంది. "మీ సారునడిగి రా పో" అని నన్ను తరిమేది. నేను సారును అడిగి వచ్చి చెబితే, నమ్మీ నమ్మనట్టు తల ఊపి, దాని మీద ఇంకో ప్రశ్న వేసేది. గొర్రెకు కాలు విరిగినా, కడుపు ఉబ్బినా, పురుగు పట్టినా ఊరంతా ఆమె దగ్గరికే వచ్చేది. పశువుల దవాఖాన దూరం, అవ్వ ఆముదం గిన్నె దగ్గర.

రాష్ట్రం వచ్చిన తరువాత తొలి చలికాలం. నేను ఆరో తరగతి. ఆదివారం, మంచు విడిచి ఎండ కాస్త చురుక్కుమంటున్న వేళ, మా చెలక పక్క బీడులో మంద మేస్తోంది. ఉన్నట్టుండి గొర్లన్నీ మేత ఆపి తలలెత్తాయి. నేనూ తలెత్తాను. ఎర్రటి, తెల్లటి చారల గొడుగు ఒకటి, మా ఇంటి కంటే పెద్దది, చప్పుడు లేకుండా మా మీదికే దిగుతోంది. దాని కింద తాళ్లకు వేలాడుతూ తెల్లని పెట్టె. నేను పరిగెత్తాలన్న సంగతి కూడా మరిచిపోయాను. అది పల్లి చెలక నడుమ ధన్‌మని పడి, ఒక పొర్లు పొర్లి, పక్కకు ఒరిగి ఆగింది. గొడుగు బట్ట గాలికి కొట్టుకుంటూ దాన్ని కొంతదూరం ఈడ్చింది. మంద చెల్లాచెదురైంది. ఆ కలవరంలో నెల నిండని పిల్ల ఒకటి తాళ్లలో చిక్కి అరిచింది. అవ్వ దాని కోసం ఉరికింది, నేను పెట్టె కోసం ఉరికాను.

ఆ కొద్ది నిమిషాలు నావి. దాన్ని అంత దగ్గరగా, అంత ఒంటరిగా చూసినదాన్ని నేనొక్కదాన్నే. మా బడిలో నీళ్ల ట్యాంకు ఎంత ఉంటుందో అంత ఉంది. అల్యూమినియం కడ్డీల పంజరం, దాని లోపల తెల్లని దిమ్మెలు, వాటి మీద చాక్లెట్ కాగితంలా మెరిసే వెండి రేకు, ఒక మూల గుండ్రని అద్దపు కన్ను, ఆరుతూ వెలుగుతూ ఎర్రని దీపం. చెవి ఆనించి వింటే లోపల టిక్కు టిక్కుమని ఏదో తిరుగుతోంది. కడ్డీ మీద చెయ్యి వేసి ఉలిక్కిపడి తీసుకున్నాను. మంచు! పాలమూరు ఎండలో, ఆ కడ్డీ మూలల్లో సన్నని తెల్లని మంచు పొడి. నా వేలి కింద అది కరిగి నీళ్లయింది. నేను ఆ వేలిని నోట్లో పెట్టుకున్నాను. ఏ రుచీ లేదు, చల్లదనం తప్ప. దాని మీద అంటించిన కాగితంలో ఏవేవో హెచ్చరికలు ఉన్నాయి, ఒక్క తెలుగు అక్షరం లేదు. మా చెలకల మీద ఎగిరేదానికి, మా నెత్తిన పడగలిగేదానికి, మా భాషలో ఒక్క మాట రాయాలని వాళ్లకు తోచలేదు. ఆ రోజు అది నాకు తప్పనిపించలేదు. ఇవాళ తలుచుకుంటే పళ్లు కొరుక్కుంటాను.

కాసేపటికి ఊరు వచ్చింది, ఊరి వెనక మోటారు సైకిళ్ల మీద చుట్టుపక్కల ఊళ్లు వచ్చాయి. ఇంకో పది రోజుల్లో పీకాల్సిన చేను. వాళ్లు చెట్లు తొక్కారు, పీకారు, కాయలు ఒలుచుకు తింటూ ఫోన్లతో ఫొటోలు దిగారు. వెండి రేకు చింపి జేబుల్లో పెట్టుకున్నారు. గొడుగు బట్టను కత్తితో కోసి పంచుకున్నారు. బాపు చేతులు జోడించి తిరిగాడు. "జర గట్టు మీదికెల్లి పోండ్రన్నా, చేను ఖరాబైతాంది" అంటే ఒక్కరూ వినలేదు. అమ్మ తొక్కిన చెట్లను ఒక్కొక్కటే లేపి నిలబెడుతూ ఏడుస్తోంది.

ఈ సందడిలో అవ్వ పెట్టె నీడన కూర్చుంది, చెలకలో ఉన్న నీడ అదొక్కటే కనుక. ఒళ్లో గొర్రెపిల్ల. అమ్మ ఇంటికి పోయి తెచ్చిన ఆముదం, పసుపు దాని కాలికి రాసి, చింతబరికె రెండు ముక్కలు చేసి, చీర కొంగు చింపి కట్టు కట్టింది. లేవబోతూ మోకాళ్లు పట్టేసి, పెట్టె మీద చెయ్యి ఆనించింది. తెల్లని దిమ్మె మీద అయిదు పసుపు వేళ్లు పడ్డాయి. సరిగ్గా అప్పుడే కెమెరాతో ఒక టీవీ అతను వచ్చాడు.

"అవ్వా, ఇది దేవుడనుకుంటున్నవా?" అని మైకు గొట్టం ఆమె మూతి దగ్గర పెట్టాడు.

నేను ఆమె కొంగు పట్టుకొని పక్కనే నిలబడి ఉన్నాను. ఆమె అన్న ప్రతి మాటా నాకు గుర్తు.

"దేవుడైతే పసిపిల్ల కాలిరగ్గొడ్తడా బిడ్డా? ఎవల్లో చేసిన మిషిని గిది. లోపల టిక్కు టిక్కుమంటాంది, ఇంక పానం పోలే. ఎవలన్న ఫోన్ జేసి చెప్పుండ్రి, పాపం ఎంత ఎతుకుతున్నరో."

ఆ రోజంతా ఆ చెలకలో తెలివైన మాట అదొక్కటే. ఫోన్ చేయమన్నది ఆమె ఒక్కతే.

సాయంత్రం లారీతో, జీపుతో దానికి సంబంధించినవాళ్లు వచ్చారు. దానిని పెద్ద గాలిబుడగకు కట్టి, ఆకాశం నల్లబడేంత ఎత్తుకు పంపారట. రేకు చిరిగింది చూసి కేకలేశారు. నలిగిన చేను చూడలేదు. పసుపు వేళ్లు చూసి వాళ్లలో ఒకాయన నవ్వాడు, పక్కాయనకు మోచేత్తో పొడిచి చూపించాడు. పెట్టెను లారీ ఎక్కిస్తుంటే అవ్వ ఆయన దగ్గరికి పోయింది.

"సారూ, గంత పైకి పోయి ఏం జూసొచ్చింది గిది?"

పొద్దుటి నుంచి వందల మంది వచ్చారు. ఎవరికీ తట్టని ప్రశ్న. ఆయన చేతి గడియారం చూసుకున్నాడు.

"నీకర్థం కాదులే అవ్వా" అన్నాడు.

అవ్వ గొర్రెపిల్లను భుజాన వేసుకొని నడిచింది. ఆమె ఒక ప్రశ్నను జవాబు రాకుండానే వదిలేయడం నేను అంతకు ముందు చూడలేదు.

మరునాడు టీవీలో వచ్చింది. పసుపు వేళ్లు, లేవలేక వంగిన అవ్వ నడుము, 'దేవుడ' అన్నంతవరకే ఆమె గొంతు, తరువాత గుడి గంటల చప్పుడు కలిపారు. గ్రహాంతర నౌకకు పసుపు పూజలు చేస్తున్న వృద్ధురాలట. గొర్రెపిల్లను బొమ్మలోంచి కోసేశారు. సంతలో, బస్సులో, పెళ్లిలో ఆమెను చూసి "గ్రహాల అవ్వొచ్చింది" అని నవ్వారు. మొదట ఆమె ఆగి చెప్పేది, "నేను మొక్కలే బిడ్డా, మందు వెట్టిన" అని. వినరని తెలిసి మానేసింది. తరువాత సంతకు పోవడమే మానేసింది. గొర్రెలు పట్టుకొని వచ్చేవాళ్లూ తగ్గారు, పూజలు చేసే ముసలమ్మ వైద్యమేమిటని. బాపు ఛానల్ వాళ్లను అడగడానికి పట్నం పోతే, లోపలికి రానివ్వలేదు.

నేను ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగా లైబ్రరీలో వెతికి, అలాంటి పెట్టెలు పైకెందుకు పోతాయో చదువుకున్నాను. ఆ వారమే ఇంటికి పోయి, దొడ్డి గోడకు చేరగిలి కూర్చున్న అవ్వకు చెప్పాను. మనం పీల్చే గాలి పైకి పోయేకొద్దీ పలచనవుతుందని, అక్కడ ఎంత దుమ్ముందో, ఎంత పొగ చేరిందో కొలిచి రావడానికి అలాంటివి పోతాయని, మా చెలకలో పడింది కూడా అందుకే పోయి ఉంటుందని, అంత పైన చలి ఎక్కువ కాబట్టే కడ్డీల మీద మంచు పట్టిందని. నాలుగు మాటలు. ఆ రోజు గడియారం చూసుకున్న సారుకు అర నిమిషం పట్టేది కాదు. అవ్వ మొత్తం విని, ఎప్పటిలాగే దాని మీద ఇంకో ప్రశ్న వేసింది.

"గాలి ఖరాబైందని తెలిసినంక ఏం జేసిన్రంట మరి?"

నేను చదివిన పుస్తకంలో అది రాయలేదని చెప్పాను. ఆమె నవ్వింది. ఆ ఏడాది ఎండాకాలంలోనే అవ్వ చనిపోయింది.

ఇప్పుడు ఆ చెలకలో పల్లి లేదు. తెల్ల రాళ్లు పాతి ప్లాట్లు చేశారు. మందను బాపు అమ్మేశాడు. కొప్పెర వేయడం నా తరువాతి వాళ్లకు రాదు, మలీద పెళ్లి భోజనాల్లో గిన్నెలో పెట్టి వడ్డిస్తున్నారు. అన్నీ పోయాయి, ఆ టీవీ బొమ్మ తప్ప. అది ఫోన్ల నుంచి ఫోన్లకు ఇంకా తిరుగుతూనే ఉంది.

పోయిన నెల నేను సైన్సు చెప్పే బడిలో సైన్సు పండుగ పెట్టారు. మూఢనమ్మకాల గురించి మాట్లాడడానికి బయటి నుంచి ఒక వక్తను పిలిచారు. తెర మీద అవ్వ కనిపించింది. వంగిన నడుము, పసుపు చెయ్యి, గంటల చప్పుడు. మూడు వందల మంది పిల్లలు ఒక్కసారి నవ్వారు, నా తరగతి పిల్లలు కూడా.

నేను లేచి నిలబడ్డాను. "ఆమె పూజ చేయడం లేదు. గొర్రెపిల్ల కాలు విరిగితే కట్టు కట్టి లేస్తోంది. ఆమె మా అవ్వ, పేరు సాయమ్మ. అది దేవుడు కాదు, ఎవరో చేసిన యంత్రమని ఆ రోజు చెప్పింది ఆమె. నేను పక్కనే ఉన్నాను" అన్నాను.

వక్త కళ్లద్దాలు సవరించుకున్నాడు.

"మనసుకు తీసుకోకండి మేడం, ఉదాహరణ కోసమే కదా" అని, తరువాతి బొమ్మ వేశాడు.