బ్రెడ్డు మీద ఆవకాయ

పోయిన వారం మా పక్కింటావిడని ఏడిపించాను. తిట్టి కాదు, ఆవకాయ పెట్టి.

న్యూజిలాండ్‌లో మేముండే పాపటోయిటోయి ఊళ్లో మా కోడలు లత నేను పెట్టిన ఆవకాయని సీసాల్లో అమ్ముతుంది. బెల్జియంలో ఒక కొట్టువాళ్లు అడిగారు. సీసా మీద రాత ఫ్లెమిష్‌లో, అంటే వాళ్ల భాషలో, ఉంటేనే తీసుకుంటారట. లత ముందు ఇంగ్లీషులో రాసింది. నా చదువు అంతంతమాత్రం కాబట్టి తెలుగులో చెప్పి వినిపించింది. చివర "అన్నంలో కొద్దిగా కలుపుకుని తినాలి" అని ఉంది.

"అది తీసెయ్. ఆవకాయ ఎలా తినాలో కూడా చెప్పాలా?" అన్నాను. తీసేసింది.

తర్జుమా చేసేవాళ్ల కోసం ఆన్‌లైన్‌లో వెతికింది. ఒకాయన వైన్, బీరు రాతలే చేస్తాడట. ఇంకొకావిడ ఆవపిండి కేకులకి వాడతారా అని అడిగింది. వద్దనేశాను.

"అత్తయ్యా, పక్కింటి మరియా ఆంటీది ఆ భాషే. వంటల పుస్తకాలు తర్జుమా చేసేవారట."

నేను మొహం తిప్పుకున్నాను. రెండేళ్ల కిందట నా కరివేపాకు కొమ్మ ఫెన్స్ దాటిందని కత్తిరించిన మనిషి ఆవిడ. ఈ చలిలో ఆ మొక్కకి పసిపిల్లకి కప్పినట్టు దుప్పటి కప్పి పెంచాను. అప్పట్నించీ ఆవిడ హలో అంటే నేను ఆకాశం చూస్తాను.

"ఆర్డర్ పోతుంది అత్తయ్యా," అని లతే వెళ్లి అడిగింది. రుచి చూడందే ఒక్క అక్షరం రాయనందట మరియా. ఆ మాట మాత్రం నాకు నచ్చింది. సీసా పంపాను.

మర్నాడు లత పరుగున వచ్చింది. "ఆంటీ బ్రెడ్డుకి జామ్‌లాగా మందంగా రాసుకుని తినేశారు."

వేడన్నం, నెయ్యి పట్టుకుని, లతని వెంటబెట్టుకుని నేనే వెళ్లాను. మరియాకి కళ్ల నీళ్లు, ఎర్రటి ముక్కు, ముందు పాలగ్లాసు. లత రాసిచ్చిన కాగితం చూపించి, "ఎలా తినాలో ఎక్కడుంది?" అని అడిగింది. లత నావైపు చూసింది. ఆకాశం చూద్దామంటే పైన సీలింగ్ ఉంది.

గోరంత ఆవకాయ, బోలెడు నెయ్యి కలిపి ముద్ద ఆవిడ నోట్లో పెట్టాను. కళ్లు మూసుకుని నమిలింది. "మోర్," అంది.

అప్పుడు చూశాను, కిటికీలో చిన్న కుండీ. నా కరివేపాకే. ఆ కొమ్మని పాతి బతికించిందట. ఇద్దామంటే నా మొహం చూసి భయమేసిందట. రెండేళ్లూ ఆవిడ మొక్కని పెంచింది, నేను కోపాన్ని.

అన్నం సంగతి మొదటి వరసలోనే పెద్దక్షరాలతో రాసిచ్చింది. కొట్టువాళ్లు సరేనన్నారు.

ఆ మాట తీయించింది నేనేనని లత తెలిసినవాళ్లందరికీ చెబుతోంది. చెప్పనీ. గుర్తుపెట్టుకుంటాను.