ఫోటో రెండు నిమిషాలు, ఫ్లాపీలు గంటన్నర

యూనివర్సిటీ కంప్యూటర్ గదిలో ఉన్నవి: ఒక కంప్యూటర్, దాని లోపల ఇరవై మెగాబైట్ల డిస్కు, ఒక స్టెబిలైజర్, డబ్బాలో పద్దెనిమిది ఫ్లాపీలు, గోడకు కరెంటు కోత వేళలు రాసిన కాగితం. మనుషులు ఇద్దరు. కంప్యూటర్ చూసుకునేవాణ్ణి నేను. రెండో మనిషి మిరప మీద పరిశోధన చేసే సీనియర్. పరకాల నుంచి బస్సులో వచ్చేవాడు. నేను అన్నా అని పిలిచేవాణ్ణి.

అన్న మూడు పంటల కొలతలు ఆ డిస్కులో ఉన్నాయి. మొక్కకో వరుస: ఎత్తు, కొమ్మలు, కాయలు, బరువు. మార్చి ఆఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. గడువు అప్పటికే ఒకసారి పెంచారు.

కొలతలు కాపాడుకోవడానికి రెండు దారులు. ఒకటి, ఫైలు ఆ క్షణంలో ఎలా ఉందో అలాగే, అదే డిస్కులో, ఇంకో పేరుతో నకలు తీయడం. దాన్ని ఫోటో అనుకునేవాళ్ళం. రెండు నిమిషాల పని. రెండోది ఫ్లాపీల మీదికి బ్యాకప్. గంటన్నర. మధ్యలో కరెంటు పోతే మళ్ళీ మొదటి ఫ్లాపీ నుంచే. మాకు వరుసగా దొరికే కరెంటు రెండు గంటలు.

"అన్నా, ఇయ్యాల ఫ్లాపీలకు ఎక్కిద్దాం. ఫోటో గూడ అదే డిస్కుల ఉన్నది. డిస్కు పోతే రెండూ పోతయ్."

"ఎందుకు పోతది? నువ్వు ఫ్లాపీలు మార్చుకుంట కూసుంటే నా కాయల లెక్కలు ఎవరు ఎక్కియ్యాలె, మీ నాయినా?"

జనవరిలో పొరపాటు కమాండుతో బరువుల కాలమ్ మొత్తం చెరిగిపోయింది. ముందురోజు ఫోటో నుంచి వెంటనే తెచ్చుకున్నాం. అన్న సమోసాలు తెప్పించాడు.

"సూసినవా తమ్మీ? నీ ఫ్లాపీలు ఎండకాలం ఇసురుకోనికి పనికొస్తయ్."

నేనూ నవ్వాను. ఆ తర్వాత ఫ్లాపీల మాట ఎవరమూ ఎత్తలేదు.

మార్చి రెండో వారంలో ఒకరోజు, పోయిన కరెంటు ఎక్కువ వోల్టేజితో ఒక్కసారిగా వచ్చింది. స్టెబిలైజర్ ఆపలేకపోయింది. డిస్కు లోపల కంకర తిరిగినట్టు చప్పుడు. ఆగిపోయింది. ఫైలు అందులోనే, ఫోటోలు అందులోనే. దసరాకు ముందు ఒక్కసారి తీసిన ఫ్లాపీల్లో మొదటి రెండు పంటలు ఉన్నాయి. మూడోది లేదు. మూడో పంట లేకుండా థీసిస్ తీసుకునేది లేదని గైడు చెప్పేశారు.

హైదరాబాద్ నుంచి కొత్త డిస్కు వచ్చేసరికి నాలుగు రోజులు మిగిలాయి. పొలంలో రాసుకున్న కాగితాలు అన్న దగ్గర ఉన్నాయి. ఆయన చదివాడు, నేను కొట్టాను. అన్నీ ఒకే గొంతుతో చదివాడు. కోపం లేదు, తొందర లేదు. నాకూ ఏమీ అనిపించలేదు. టీ తాగినట్టు గుర్తులేదు, గ్లాసులు మాత్రం ఖాళీగా ఉండేవి. ఆ రోజుల్లో కరెంటు రోజుకు గంట కూడా నిలవలేదు; పోతే ఆయన చదవడం, నేను కొట్టడం ఆపి అలాగే కూర్చునేవాళ్ళం.

ఆఖరి రోజు ఐదింటికి యూనివర్సిటీ ఆఫీసు మూశారు. మూడో పంటలో అప్పటికి ఎక్కినవి ఆరు వందల పన్నెండు వరుసలు. ఎక్కవలసినవి రెండు వేల నూట అరవై.