ఎంగిలి గ్లాసులు

సిరిసిల్లలో మా నాయినను ఎవరైనా నీ కొడుకేం పని చేస్తడని అడిగితే, "హైదరాబాద్‌ల పని నేర్సిండు, ఇప్పుడు జగిత్యాలల ఉంటున్నడు" అని అక్కడికి ఆపేసేవాడు. గాజు పని అని చెప్పేవాడు కాదు. తాతల నాటి నుంచి మగ్గం మీద బతికిన ఇంట్లో నేనొక్కణ్ణే మంట ముందు కూర్చుని బుగ్గలు పూరించే పని పట్టుకున్నాను మరి. "ఊదుడు గూడ ఒక పనేనార? పొయ్యి కాడ ఆడోళ్లు రోజు ఊదుతలేరా?" అన్నాడొకసారి చుట్టాలందరి ముందూ. అందరూ పగలబడి నవ్వారు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. ఆ ఏడు దసరాకు ఇంటికి పోనేలేదు.

జగిత్యాలలో నాదొక రేకుల షెడ్డు. కాలేజీ ల్యాబులకు గాజు నాళికలు, ఫ్లాస్కులు చేసి ఇచ్చేవాణ్ణి. అవి నక్సలైట్ అన్నల రోజులు. గ్యాసు సిలిండర్లు కనపడితే చాలు, పోలీసులు లోపలికొచ్చి "ఏం తయారు జేస్తున్నవ్ రా? బాంబులా?" అని అన్నీ తిరగేసి పోయేవాళ్లు. అట్లాంటి రోజుల్లో ఒక దొర నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. అన్నల భయానికి ఊళ్లోని కోటలాంటి గడికి తాళం వేసి, కోరుట్లలో కాపురం పెట్టిన దొర. చేతిలో పొడుగాటి కాడ, గుండ్రటి పాదం ఉన్న ఫారిన్ గ్లాసు ఒకటి పట్టుకొచ్చాడు.

"సామాను బండికెక్కిచ్చేటప్పుడు అన్ని పల్గినయి. గిదొక్కటే మిగిలింది. గిసొంటియే అరడజను గావాలె. చేస్తవా?"

"చేస్త దొరా" అన్నాను. అట్లాంటివి అంతకుముందు ఎన్నడూ చేయలేదు. అసలు ఆ 'దొరా' నా నోట్లోంచి ఎట్లా ఊడిపడిందో నాకే తెలియదు.

ఆ గ్లాసులు నన్ను ఏడిపించాయి. గాజు గొట్టాన్ని మంటలో తిప్పుతూనే ఉండాలి. వేళ్లు ఆగితే గాజు ఒక పక్కకు జారిపోతుంది. ఎర్రగా మెత్తబడ్డాక బయటికి తీసి, రెండో కొసకు పెదవులు ఆనించి, పసిపిల్లకు పాలు చల్లార్చినంత మెల్లగా ఊదాలి. అప్పుడు గిన్నె ఉబ్బుతుంది. దాని కింద కాడ సాగదీయాలి, కాడకు పాదం అతకాలి. అంతా అయ్యాక వేడి పెట్టెలో పెట్టి నిదానంగా చల్లారనివ్వాలి. తొందరపడితే టిక్కుమని చీలుతుంది. ఎన్ని చీలాయో! ప్రతి చీలికకూ నా నోటికొచ్చిన తిట్లు వినలేక పక్క షెడ్డు వాళ్లు తలుపు వేసుకునేవారు.

చివరి గ్లాసు చేస్తున్న రోజు, కొడిమ్యాలలో చుట్టాలింటి దినానికి వచ్చిన నాయిన అటు నుంచి అటే షెడ్డుకొచ్చాడు. కుండలోంచి చెంబుతో నీళ్లు ముంచుకుని, ఎత్తి గొంతులో పోసుకున్నాడు. ఆయన ఎక్కడా ఏ పాత్రకూ పెదవి ఆనించడు. చుక్క కూడా కింద పడదు. అలా తాగి, గోడకానుకుని నా పనే చూస్తూ కూర్చున్నాడు. గిన్నె ఉబ్బింది, కాడ సాగింది, పాదం నిలిచింది. అప్పుడన్నాడు.

"మగ్గం మీద అటిటు ఉరికే నాడెల పోగు ఎక్కియ్యాల్నంటే మేం దాని కన్నానికి మూతి వెట్టి పీలుస్తం. నువ్వు ఊదుతున్నవ్. గంతే గదరా తేడా!"

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మంట వేడికని తుడుచుకున్నాను. మర్నాడు గ్లాసులు ఇవ్వడానికి కోరుట్ల బయల్దేరుతుంటే "నేను గూడ అస్త" అన్నాడు. సంబరంగా తీసుకుపోయాను.

దొర గ్లాసును వెలుగుకు పట్టి చూశాడు. పాతదాని పక్కన పెట్టి చూశాడు. "అరె, ఏది పాతదో ఏది కొత్తదో గుర్తువడుతలేదు గదా!" అన్నాడు. గడప దగ్గర నిలబడ్డ మా నాయినకు ఇక నోరు ఆగలేదు.

"నా కొడుకే దొరా! నోటితోని ఊది చేసిండు. ఒక్కొక్కదాంట్ల వాని ఊపిరున్నది."

నా పని గురించి మా నాయిన బయటివాళ్లకు చెప్పడం అదే మొదటిసారి. గ్లాసు అందుకోబోయిన దొరసాని చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నోటితోనా? ఛీ! గీ ఎంగిలి గిలాసలల్ల మా ఇంటోళ్లు తాగాల్నా?"

"నిప్పుల కాలినదానికి ఎంగిలేందే?" అని దొర నవ్వాడు.

"అయితే ముందుగాల గాయిన్నే తాగుమనున్రి. కన్న తండ్రి తాగుతడో లేదో సూద్దాం" అంటూ ఆమె ఒక గ్లాసు నిండా నీళ్లు పోయించింది.

నాయిన దాన్ని రెండు చేతులా అందుకున్నాడు. తాగాలనే అందుకున్నాడు, ఆ సంగతి నాకు తెలుసు. కానీ చెయ్యి దానంతటదే పైకి లేచింది. అది చెంబు కాదు కదా, అంచు లోపలికి వంగిన గ్లాసు. మొదట చుక్క రాలేదు. ఇంకాస్త వంచాడు. నీళ్లన్నీ ఒక్కసారిగా ముక్కు మీద, మీసం మీద, అంగీ మీద పడ్డాయి. పొరబోయి దగ్గాడు.

"సూసిన్రా? కన్న తండ్రే మూతి వెడ్తలేడు!" అంది దొరసాని. దొర నవ్వాడు. లోపలెవరో కూడా నవ్వారు.

నాకు తల తీసేసినట్టయింది. తడిసిన అంగీతో నిలబడ్డ నాయినను చూసి సిగ్గేసింది. అక్కడ కొడుకునై నిలబడ్డందుకు సిగ్గేసింది. ఆ ఫారిన్ గ్లాసూ ఎవడో నోటితో ఊదిందే. దొర కట్టిన ధోతీ ఎవరో నాడె పీల్చి నేసిందే. ఈ రెండు మాటలూ నా నాలుక చివరే ఉన్నాయి, బయటికి మాత్రం రాలేదు. ముక్కు మీది కోపం ఆ వేళ ఏ గంగలో కలిసిందో! గ్లాసులు మళ్లీ గడ్డిలో చుట్టి డబ్బాలో పెట్టుకుని, తలొంచుకుని బయటపడ్డాను.

తిరుగు బస్సును మేడిపల్లి దగ్గర పోలీసులు ఆపారు. ఒక కానిస్టేబులు మా డబ్బా విప్పి గ్లాసు పైకెత్తి, "ఎవలు జేసిన్రు గివి?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా నాయిన అందుకున్నాడు. "ఎవలో ఏమో సారూ. కొనుక్కొస్తున్నం. మావోడు మగ్గం పని జేస్తడు."

షెడ్డుకొచ్చేదాకా పళ్లు బిగబట్టుకున్నాను. తలుపు తీయగానే అరిచాను. "నన్ను జూసి గంత సిగ్గైతుందా నాయినా? నీ కొడుకు పని నలుగుట్ల చెప్పుకోను గూడ పనికిరాదా?"

ఆయన తన కుడిచేతి వైపే చూసుకుంటూ నిలబడ్డాడు.

"నిన్ను జూసి కాదురా. గీ చేతిని జూసి. మా నాయినెంబడి గడికి ధోతులు వట్టుకపోతుంటి. దూపైతే దోసిట్ల పోస్తుండిరి, గిలాస ముట్టనియ్యకపోదురు. యాడికి వొయినా మూతి తాకియ్యొద్దని మా నాయిన చెంబు ఎత్తి పోసుకునుడు నేర్పిండు. ఇయ్యాల దొర గడి ఇడిసిండు గని నా చెయ్యి ఇడుస్తలేదు. పోలీసాయన గూడ తాగి సూపెట్టుమంటడేమోనని భయమైంది బిడ్డా."

ఆయనే డబ్బాలోంచి ఒక గ్లాసు తీశాడు. కుండలోంచి నీళ్లు ముంచాడు. కుడిచెయ్యి మళ్లీ పైకి లేవబోయింది. ఎడమచేత్తో ఆ మణికట్టును గట్టిగా పట్టుకుని కిందికి దించాడు. అంచు పెదవులకు తగిలింది. కళ్లు మూసుకుని సగం తాగి, మిగిలిన సగం నా ముందుకు చాపాడు.

"గిప్పుడైంది ఎంగిలి. తాగు."

తాగాను. ఆయన ముఖంలోకి మాత్రం చూడలేకపోయాను.