మబ్బు చాటు గ్రహణం

ఆ వారమంతా ధర్మవరంలో ఎండ పొడ కనిపించలేదు. టీవీ వాళ్లు అల్పపీడనం అన్నారు. దండెం మీది బట్టలు ఆరక ఇల్లంతా ఒకటే వాసన. ఎనిమిదో నెల కడుపుతో ఇంట్లో కూర్చుని నేను ఆ ముసురును రోజుకు పదిసార్లు తిట్టుకున్నాను. నా బాధ బట్టల గురించి కాదు, ఆ వారంలోనే వచ్చే చంద్రగ్రహణం కనపడదేమోనని.

పెనుకొండ హైస్కూల్లో నేను సైన్స్ చెప్తాను. చలికాలం సాయంత్రాల్లో పిల్లల్ని మైదానంలో నిలబెట్టి గొల్లకావడి, పిల్లలకోడి చుక్కలు చూపించడమంటే నాకు పిచ్చి. సెలవు మీద వచ్చేముందు కూడా వాళ్లకు గట్టిగా చెప్పి వచ్చాను, గ్రహణం పూట ఇడ్లీలు తింటూ చూడండి, ఏమీ కాదని. క్లాసులో చెప్పడం ఎంతసేపు.

ఇంట్లో మాత్రం అవ్వ మాటే మాట. మా ఆయన్ను చిన్నప్పటి నుంచి పెంచింది ఆవిడే. గ్రహణం రోజు పొద్దున్నే ఊరగాయ జాడీల మీద గరిక వేస్తుంటే, ఈ ముసురులో చంద్రుడే కనపడడు కదా అవ్వా అని ఎగతాళి చేశాను.

"మబ్బు అడ్డమొస్తే గ్రహణం నిలబడిపోతాదా పాపా? ఆడ జరిగేది జరుగుతానే ఉంటాది," అంది.

శాస్త్రం ప్రకారం ఆవిడదే సరైన మాట.

మా ఆయన పట్టునూలు కోసం హిందూపురం వెళ్లాడు. సాయంత్రం ఐదు కాకముందే అవ్వ నన్ను గదిలో పడుకోబెట్టి, కిటికీకి దుప్పటి కట్టింది. వెల్లకిలా పడుకోవాలి, కదలకూడదు, ఒళ్లు గోక్కోకూడదు. హాల్లో టీవీలో ఏ రాశికి ఏ కీడో పెద్దమనుషులు వాదించుకుంటున్నారు. నాకు వాళ్ల మాటలు చెవికి ఎక్కలేదు. మధ్యాహ్నం అన్నం తిన్నప్పటి నుంచి కడుపులో బిడ్డ కదల్లేదు.

అప్పటికే చక్కెర నీళ్లు తాగి చూశాను. అవ్వకు తెలియకుండా ఎడమ పక్కకు ఒత్తిగిల్లి చూశాను. ఏమీ లేదు. లేచి ఆసుపత్రికి పోవచ్చు కదా, చదువుకున్నదానివి కదా అని ఎవరైనా అడగొచ్చు. ఇప్పుడు సిగ్గు లేకుండా చెప్తాను, భయపడ్డాను. బయటికి పోయాక ఏదైనా జరిగితే, నీ వల్లే అని అందరూ అంటారు. అందరికంటే ముందు నేనే అనుకుంటాను.

మా ఆయనకు ఫోన్ చేస్తే, రైలెక్కుతున్నాను, అవ్వకు చెప్పు, అన్నాడు. ఆరు దాటింది. విడుపు ఎనిమిది తర్వాతే. ఇక ఆగలేక పిలిచాను.

"అవ్వా, బిడ్డ కదల్లే."

"ఎప్పుట్నుంచి?"

"మద్దేనం నుంచి."

అవ్వ వాకిలి దాకా వెళ్లి ఆకాశం వంక చూసింది. నేను పడుకున్న చోటి నుంచి ఆవిడ వీపు కనిపిస్తోంది. ఎంతసేపు చూసిందో, తిరిగి వచ్చి నా చెప్పులు మంచం దగ్గర పెట్టింది.

"చందమామ యాడా కనపడల్లే. కనపడని గ్రహణం మనకు గ్రహణం కాదు. లెయ్, పోదాం."

పొద్దున తను చెప్పినదానికి అది పూర్తిగా విరుద్ధం. ఏ ఖగోళ శాస్త్రమూ ఒప్పుకోదు. సైన్స్ టీచర్ని, అవునవ్వా అని తల ఊపి లేచాను.

వీధిలో మనిషి లేడు. ఆటో అతను అవ్వను చూసి ఆశ్చర్యపోయాడు.

"ఏమవ్వా, గ్రహణంలో బయటికొస్తాండావే?"

"యాడుండాదప్పా గ్రహణం? నీకేమన్నా కనపడతాందా? బండి నిదానంగా పోనీ."

దారి పొడవునా అవ్వ నా చేయి వదల్లేదు.

ఆసుపత్రిలో నర్సమ్మ పొట్ట మీద చల్లగా ఏదో రాసి, చిన్న యంత్రం ఆనించింది. మొదట గరగర. పక్కకు జరిపింది. మళ్లీ గరగర. ఇంకాస్త కిందికి జరిపింది. అప్పుడు వినిపించింది, దడదడమని, ఎవరో తరుముతున్నట్టు పరుగెత్తే గుండె. బిడ్డ బాగుండాది, నిద్రపోయుంటాది, అంది నర్సమ్మ నవ్వుతూ. నాకు ఏడుపు ఆగలేదు.

అవ్వ ఏడవలేదు. మంచం పట్టె పట్టుకుని నిలబడి ఆ చప్పుడే వింటోంది. నావైపు చూడకుండానే అంది.

"నా తొలిచూలు గూడా ఇట్లే, మద్దేనం నుంచి కదల్లే. విడుపయ్యేదాకా కూచోమన్యారు. కూచున్యా."

నర్సమ్మ యంత్రం తీయబోయింది. ఇంకొంచెం సేపు ఉంచమని అడిగాను.