తుండుగుడ్డతో కొలిచిన టోపీ

ఇరవై ఎనిమిదేళ్లు ఉక్కు ప్లాంటులో కొలిమి పక్కన నిలబడి పనిచేసిన మనిషిని టాటానగర్ సాక్చీ బజారులో ఎండ పడగొట్టింది. ఆ మనిషిని నేనే. కిందటి వేసవిలో మామిడికాయలు బేరమాడుతూ, బేరం కుదరకముందే కూలబడ్డాను. కళ్లు తెరిచేసరికి ఎవరో ఒకావిడ నా ముఖాన నీళ్లు చల్లుతోంది. కాయలమ్మేవాడు మాత్రం, ధర విని పడిపోయాడని చుట్టూ చేరినవాళ్లకి చెబుతున్నాడు.

ఆ రోజు నుంచి మా బారిడీహ్ ఇంట్లో ఒక చట్టం అమల్లోకి వచ్చింది. వేసవిలో పొద్దున్న తొమ్మిది దాటితే నేను గడప దాటకూడదు. చట్టం చేసిందీ, కాపలా కాసేదీ మా ఆవిడే. ఆ రోజే ఆవిడ అరసవల్లి సూర్యనారాయణమూర్తికి మొక్కుకుంది కూడా, నేను లేచి తిరిగితే దర్శనానికి వస్తామని. లేచాను, తిరిగాను. ఈ ఏడాది మేలో ప్రయాణం కుదిరింది. ఆవిడకి, మా అమ్మాయికి, నా బామ్మర్దికి, నాకు నాలుగు టికెట్లు. తీసింది బామ్మర్దే. టాటానగర్ రైల్వేలో పని, బిర్సానగర్‌లో కాపురం, నన్ను ఆటపట్టించడం ఓవర్‌టైమ్.

తీరా ప్రయాణం వారంలోకి వచ్చాక మా ఆవిడకి చట్టం గుర్తొచ్చింది.

“నువ్వు రావద్దు మావా. అక్కడ క్యూ అంతా ఎండలోనే. నీ బదులు నానే దండం పెట్టేసి వత్తాను. నువ్వు ఫేను కింద కూకో.”

“మొక్కు నా తలకాయ కోసం కదే. తలకాయని ఇంట్లో వొదిలేసి ఏటి సూపిత్తావు సామికి?”

“ఆ తలకాయతోనే కదా నాకు బాధ.”

బామ్మర్ది ఫోను తీసి చూపించాడు. “ఆదివారం మధ్యాన్నం దాకా టైమిత్తన్నాను బావా. అప్పుటికీ అక్క ఒప్పుకోకపోతే నీ టికెట్టు కేన్సిల్.”

మా అమ్మాయి తెలుగులో అడిగితే హిందీలో చెబుతుంది, అడక్కపోయినా హిందీలోనే చెబుతుంది. “అరే పాపా, ఏక్ అచ్ఛా సా టోపీ లే లో న!”

మంచి టోపీ ఒకటి కొనుక్కోవాలట. ఇంత చిన్న సంగతి ఇంట్లో ఇన్ని తలకాయలున్నా ఎవరికీ తట్టలేదు.

శనివారం ఎండ చల్లబడ్డాక సాక్చీ వెళ్లాను. ఏడో తరగతిలోనే నేనూ బడీ ఒకరికొకరం దండం పెట్టుకుని విడిపోయాం కాబట్టి నాకు పుస్తకాల తెలివి లేదు. కానీ నాది అన్నేళ్లు హెల్మెట్ మోసిన తల. ఏది నొక్కుతుందో, ఏది ఉడకబెడుతుందో దానికి ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

మొదట గడ్డితో అల్లిన టోపీ పెట్టుకున్నాను. నెత్తి మీద పిచ్చుక గూడు కట్టినట్టుంది, అంచు తగిలిన చెవులకి ఒకటే దురద. తర్వాత క్రికెట్ టోపీ. ముక్కుకి నీడనిచ్చి, చెవుల్నీ మెడనీ సూర్యుడికి అప్పగించేసింది. జీన్సు గుడ్డ టోపీని నోటికి ఆనించి ఊదాను. గాలి అవతలికి వెళ్లలేదు. నా ఊపిరి దాటలేని గుడ్డని నా చెమట ఏం దాటుతుంది? తోలు టోపీ ఒకటి దుకాణంవాడే నా నెత్తిన పెట్టి, “హీరో లగ్ రహే హై, చాచా!” అన్నాడు. అద్దంలో చూశాను. హీరో కాదు, హీరోని మొదటి రీలులోనే అప్పుల పాలు చేసి పోయే తండ్రిలా ఉన్నాను.

చివరికి దొరికింది. పలచని నూలు టోపీ. చుట్టూ బెత్తెడు అంచు, మెడ దాకా నీడ. అంచు లోపలివైపు ముదురాకుపచ్చ, కళ్లలోకి వెలుగు కొట్టదు. పక్కల గాలి కన్నాలు, గడ్డం కింద తాడు. బల్బుకి ఎదురుగా పట్టి చూస్తే గుడ్డలోంచి చుక్క వెలుతురు రాలేదు. ఊదితే మాత్రం గాలి వెళ్లింది. నాలుగు మడతలు పెట్టి, దాని మీద కూర్చుని లేచాను. పువ్వులా విచ్చుకుంది. దుకాణంవాడి ముఖం మాత్రం ముడుచుకుంది. నెత్తిన పెట్టుకుంటే నా కోసమే కుట్టినట్టు కూర్చుంది.

గెలిచానని ఇంటికొచ్చి, ముఖం కడుక్కుని, అందరి ముందూ టోపీ పెట్టుకున్నాను. అది జారి ముక్కు మీద ఆగింది.

చీకట్లోంచి బామ్మర్ది గొంతు వినిపించింది. “బావా! టోపీ ఎక్కడికో బయల్దేరింది. కింద నువ్వున్నావేటి?”

మా ఆవిడ నవ్వి నవ్వి గోడకి ఆనుకుంది. “ఓలమ్మా! ఏటి కొలుసుకున్నావు మావా?”

సంగతి కనిపెట్టింది మా అమ్మాయి. తాడు మీద ఆరేసిన నా తడి తుండుగుడ్డని వేలితో చూపించింది. మా ప్లాంటులో హెల్మెట్ కింద తడిపిన తుండుగుడ్డ చుట్టుకోనివాడు లేడు. పని మానేసి రెండేళ్లయినా బయటికెళ్తే నా చేతులు వాటంతటవే అది తలకి చుట్టేస్తాయి. ముక్కు ముఖాన ఉందని మనం గుర్తుపెట్టుకుంటామా? నెత్తిన తుండుగుడ్డ ఉండటం నాకూ అంతే. దుకాణంలో ప్రతి టోపీనీ దాని మీదే పెట్టి చూసుకున్నాను. అమ్మిన సరుకు వాపసు లేదని అక్కడ బోర్డు కూడా ఉంది.

ఆదివారం మా ఆవిడ తీర్పు చెప్పింది. గుమ్మడి వడియాల పిండి సిద్ధంగా ఉంది. మామూలుగా ఏడింటికే పెట్టేసేది, ఆ రోజు కావాలనే పదకొండు దాకా ఆపింది.

“డాబా మీద పిండంతా నువ్వే పెట్టాల. మధ్యలో దిగిపోయావంటే టికెట్టూ దిగిపోద్ది.”

తుండుగుడ్డ తడిపి, నాలుగు మడతలు చేసి నెత్తిన పెట్టుకున్నాను. దాని మీద టోపీ పెట్టి, తాడు బిగించి ఎక్కాను. డాబా పెనంలా ఉంది. నా నెత్తి మీద మాత్రం కుండలో నీళ్లలా చల్లగా ఉంది. కన్నాల్లోంచి వచ్చిన గాలి తడి గుడ్డకి తగిలినప్పుడల్లా ఎవరో విసురుతున్నట్టుంది. నేను తప్పుగా కొలిచాననుకున్నది తప్పు కాదు. హెల్మెట్ నేర్పిన కొలత అది!

మా ఆవిడ మెట్ల మీద నీడలో నీళ్ల చెంబుతో కాపలా కూర్చుంది. నేను పడితే చల్లడానికి. బామ్మర్ది నల్ల క్రికెట్ టోపీ పెట్టుకుని ఎగతాళికి పైకొచ్చాడు. పది వడియాలు పెట్టేలోగా ఎర్రచెవులతో దిగిపోయాడు. నేను చివరి వడియం పెట్టి, గిన్నె బోర్లించి చూపించాను. ఆవిడ చెంబు నాకు అందించింది, తాగడానికి. తర్వాత కిందికి కేకేసింది. “ఒరే, ఆ టికెట్టు జోలికెళ్లకు!”

రైల్లో పెరుగన్నంలోకి ఆ వడియాలే వేయించి తెచ్చింది. ఎక్కువ తిన్నది బామ్మర్దే.

అరసవల్లిలో క్యూ నిజంగానే ఎండలో ఉంది. సూర్యుడికి అడ్డంగా టోపీ పెట్టుకుని, ఆ సూర్యుణ్ణే చూడ్డానికి వెళ్తున్నాను. గంట నిలబడ్డాను. కళ్లు తిరగలేదు. మా ఆవిడ నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూసింది, ఐదోసారి చూడటం మానేసింది. లోపలికి వెళ్లేముందు టోపీ, తుండుగుడ్డ తీసి చంకలో పెట్టుకుని, నా బట్టతలని నేనే స్వామికి సమర్పించుకున్నాను.

బయటికొచ్చాక బామ్మర్ది చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి.

“బావా, ఓపాలి ఆ టోపీ ఇలగియ్యి.”

ఇచ్చాను. పెట్టుకున్నాడు. జారి ముక్కు మీద ఆగింది.

“ఓరే, టోపీ కింద నువ్వున్నావేటి?” అన్నాను. మా ఆవిడ గోడ దొరక్క నన్నే ఆనుకుని నవ్వింది.

తుండుగుడ్డ మాత్రం ఇవ్వలేదు.