థియేటర్‌లో జపాన్ నైలాన్

1974 మార్చిలో జనగామ వైపు ఒక ప్రభుత్వ దవాఖానకు నన్ను స్టాఫ్ నర్సుగా బదిలీ చేశారు. పని ఆపరేషన్ థియేటర్‌లో. స్టాఫ్ నర్సు పైన హెడ్ నర్సు ఉంటుంది. థియేటర్ ఇన్‌చార్జి ఎవరైతే ఆ ప్రమోషన్ వాళ్లకే ముందు దక్కేది. ఆరేళ్ల సర్వీసు ఉంది కాబట్టి ఇన్‌చార్జి నాదేనని ఖాయం చేసుకున్నాను. నాతో పనిచేసే సుజాత నిన్నగాక మొన్న చేరిన పిల్ల.

మా యూనిఫాం తెల్ల నూలు చీర. గంజి పెట్టి ఇస్త్రీ చేసి కట్టుకున్నా మధ్యాహ్నానికి నలిగి ముద్దయ్యేది. సుజాత వారపత్రికలో ప్రకటన చూసి బొంబాయి నుంచి తెల్ల జపాన్ నైలాన్ చీరలు తెప్పించుకుంది. బొమ్మ చూసి కార్డు రాస్తే వీపీపీలో పార్సిల్ వచ్చేది. పోస్ట్‌మన్‌కు డబ్బు కట్టి విప్పుకోవడమే. మా నూలు చీరకన్నా చవక. గంజి లేదు, ఇస్త్రీ లేదు, ఉతికి ఆరేస్తే అన్నం ఉడికేలోపు ఆరేది. సాయంత్రం డ్యూటీ దిగేటప్పుడు కూడా పొద్దున కట్టినట్టే ఉండేది.

సిస్టరంటే సుజాతలా ఉండాలని డాక్టరు గారు ఒకరోజు అందరి ముందూ అన్నారు. ఇన్‌చార్జిగా ఆమె పేరే జిల్లాకు రాసి పంపారని కూడా తెలిసింది. నా కడుపు మండిపోయింది. అప్పటి నుంచి ఆమె ఏ చీర కట్టింది, కుచ్చిళ్లు ఎలా పెట్టింది, నడిస్తే ఎలా చప్పుడవుతుంది, ఇవి కనిపెట్టడమే నా పనైంది.

మే నెలలో నర్మెట్ట నుంచి ఒకామెను కాన్పు కష్టమై తీసుకొచ్చారు. సిజేరియన్ చేయాలి. అప్పట్లో మత్తుకు ఈథర్ వాడేవాళ్లం. ముఖం మీద గుడ్డ ముసుగు పెట్టి చుక్కలు చుక్కలుగా వేయాలి. దాని ఆవిరి అంటుకోవడానికి చిన్న రవ్వ చాలు. ఎండాకాలంలో నైలాన్ రాపిడికి రవ్వలు పుడతాయి కాబట్టి థియేటర్‌లో నూలు బట్టలే కట్టాలని నియమం. పైన గౌను తొడుక్కుంటే లోపల ఏముందో ఎవరికీ కనపడదు. సుజాత ఈథర్ సీసా అందుకోబోతుంటే గౌను లోపలి చిటపట నాకు వినపడింది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసు.

సీసా నేను లాక్కున్నాను. లోపల నైలాన్ కట్టుకుందని డాక్టరు గారికి చెప్పాను.

"అక్కా, నా చీర మీద నీకు మొదటి నుంచి కండ్లమంటనే గద" అంది సుజాత.

"ఉంటే ఉన్నది. పోయి కాటన్ చీర కట్టుకొని రా" అన్నాను.

డాక్టరు గారు ముందు థియేటర్‌లో తగవేంటని నన్ను గదమాయించారు, తర్వాత నియమం తప్పినందుకు ఆమెను. కిటికీ లేని బట్టల గదిలోకి తీసుకుపోయి నా చీర ఒకటి ఇచ్చాను. ఆమె నైలాన్ విప్పుతుంటే ఆ చీకట్లో సన్నటి నీలి రవ్వలు మెరిశాయి. ఇద్దరం చూశాం. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నా నలిగిన చీర కూడా ఆమెకే బాగా నప్పింది, దానికీ ఉడుక్కున్నాను.

ఆపరేషన్ సవ్యంగా జరిగింది, తల్లీబిడ్డా క్షేమం. కొన్నాళ్లకు జిల్లా నుంచి ఆర్డరు వచ్చింది. ఇన్‌చార్జి సుజాతే. పంపిన పేరు మార్చమని నేను అడగలేదు, డాక్టరు గారు మార్చలేదు.

ఆమె పెట్టిన మొదటి పద్ధతి, ఆపరేషన్‌కు ముందు అందరూ నా ముందు నిలబడి బట్టలు చూపించాలి. "అక్కా, జర చూడు. నీ కన్ను తప్పించుకునేది ఏముంటది" అనేది. నేను ముందు ఆమెనే చూసేదాన్ని. థియేటర్‌లో ఓర్వలేని మనిషి ఒకరు ఉండాలని అప్పుడు తెలిసింది. ఇంకొకరి ఒంటి మీద ఏముందో అంత జాగ్రత్తగా మరెవరూ చూడరు.